కెరిస్: ప్రాచీనత, ప్రామాణ్యం - ఇండోనేషియా సంప్రదాయిక బాకును పర్యాటక జ్ఞాపిక నుంచి వేరుచేసే ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

ఇండోనేషియా దీవుల సంప్రదాయిక బాకు కెరిస్. అంతర్జాల విపణిలో ఈ పేరుతో మూడు వేర్వేరు వస్తువులు పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. మొదటిది పూర్వకాలపు కెరిస్. రెండోది నేటి కమ్మరి సంప్రదాయ పద్ధతిలో చేసిన కొత్త కెరిస్. మూడోది పర్యాటకుల కోసం ఇనుపరేకును కోసి తయారుచేసిన జ్ఞాపిక. 'పాతదే అసలైనది' అనే సామాన్యభావన వల్ల ఈ మూడింటి మధ్య తేడా చెరిగిపోతోంది. నిర్మాణం, కాలనిర్ణయం, స్వామ్యపరంపర అనే మూడు ప్రశ్నలను విడివిడిగా వేసుకున్నప్పుడే కెరిస్ ప్రామాణ్యం తేలుతుందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: కెరిస్, ఎంపు, పమోర్, తంగుహ్, పుసక, జ్ఞాపిక, స్వామ్యపరంపర, ప్రామాణ్యం.

ఉపోద్ఘాతం:

అంతర్జాల అంగళ్లలో వంకీలు తిరిగిన బాకుల ఛాయాచిత్రాలు అనేకం కనిపిస్తాయి. వాటి కింద రాసే వివరణలు కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. బాకు మజపహిత్ కాలం నాటిదని, ఉల్కాలోహంతో చేసినదని, రాజవంశపు ఆస్తి అని, మహిమ గలదని చెబుతారు. ఈ నాలుగు మాటల్లో ప్రతిదానికీ జావా చరిత్రలో ఆధారం ఉంది. కానీ చిత్రంలోని వస్తువుకు ఆ చరిత్రతో సంబంధం ఉందా అన్నది వేరే ప్రశ్న.

ఈ సమస్య తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. శాసనపరిశోధనలో కూటశాసనాలను గుర్తించడానికి లిపి, భాష, తిథివారాల పొంతన, శాసనం దొరికిన వైనం అన్నింటినీ విడివిడిగా పరీక్షిస్తారు. రాగిరేకు నిజంగా పాతదే అయినా అందులోని దానం కల్పితం కావచ్చు. రేకు తర్వాతి కాలానిదే అయినా అందులోని విషయం ఒక నిజమైన శాసనానికి నకలు కావచ్చు. 'అసలా, నకిలీయా' అనే ఒకే ప్రశ్నతో అక్కడ పని జరగదు. కెరిస్ విషయంలోనూ అదే విచక్షణ అవసరం.

1. కెరిస్ చారిత్రక నేపథ్యం:

కెరిస్ వాడుక జావా, మదుర, బాలి, సులవేసి, సుమత్రా దీవులతో పాటు మలయ ద్వీపకల్పంలోనూ, దక్షిణ ఫిలిప్పీన్స్‌లోనూ ఉంది. దీనికి అతి ప్రాచీనమైన, సుసంపన్నమైన సంప్రదాయం మాత్రం జావాలో కనిపిస్తుంది.

15వ శతాబ్దంలో చైనా నౌకాదళంతో ప్రయాణించిన మా హువాన్, జావాలో చిన్నపిల్లల నుంచి వృద్ధుల వరకు పురుషులందరూ నడుములో బాకు ధరిస్తారని రాశాడు. ఆ బాకుల మీది సన్నని చారలను, బంగారం, ఖడ్గమృగపు కొమ్ము, ఏనుగుదంతంతో చేసిన పిడులను కూడా పేర్కొన్నాడు. 1512-1515 మధ్య మలక్కాలో ఉండి గ్రంథరచన చేసిన పోర్చుగీసు రచయిత తోమే పిరెస్ కూడా జావాలో ధనిక, పేద భేదం లేకుండా ప్రతి ఇంటిలో కెరిస్ ఉండేదని తెలిపాడు. ఆ మలక్కా రేవులోనే కోరమండల్ తీరం నుంచి వెళ్లిన 'క్లింగ్' వర్తకులు స్థిరపడి ఉన్న విషయాన్ని కూడా ఆయన నమోదు చేశాడు. క్లింగ్ అనే మాటకు కళింగ శబ్దమే మూలం.

మధ్య జావాలోని లావు పర్వతసానువుల్లో, 15వ శతాబ్దపు మొదటి అర్ధభాగం చివర నిర్మించిన సుకుః ఆలయంలో ఒక అపురూపమైన శిల్పం ఉంది. అందులో ఒకవైపు కమ్మరి రూపంలో భీముడు అలుగును పట్టుకొని ఉంటాడు. మరోవైపు అర్జునుడు కొలిమికి గాలి ఊదుతుంటాడు. మధ్యలో గణపతి నాట్యం చేస్తుంటాడు. అర్జునుడు ఊదే సాధనం మన కమ్మరుల తోలుతిత్తి వంటిది కాదు. నిలువుగా నిలిపిన రెండు గొట్టాల్లో దట్టీలను పైకీ కిందికీ ఆడించే ఆగ్నేయాసియా పద్ధతి అది. మహాభారత వీరులను కొలిమి దగ్గర నిలిపిన ఈ శిల్పం, జావాలో లోహకారవృత్తికి ఉన్న పవిత్రతకు సాక్ష్యం.

కెరిస్ చేసే కమ్మరిని 'ఎంపు' అంటారు. ప్రాచీన జావా కావ్యకర్తలకూ ఇదే బిరుదు ఉంది. అర్జునవివాహ కావ్యం రాసిన ఎంపు కణ్వ, 1365లో నాగరకృతాగమం రచించిన ఎంపు ప్రపంచ ఇందుకు ఉదాహరణలు. కావ్యాన్ని కూర్చేవాడికీ, ఇనుమును కూర్చేవాడికీ ఒకే గౌరవపదం ఉండటాన్ని బట్టి, కెరిస్‌ను కేవలం ఆయుధంగా చూడటం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. దీనిని యునెస్కో 2005లో మానవజాతి మౌఖిక, అభౌతిక వారసత్వ విశిష్టకృతిగా ప్రకటించి, 2008లో ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. యునెస్కో గుర్తింపు 'అభౌతిక' వారసత్వానికి దక్కినది, అంటే విద్యకూ ఆచారానికీ దక్కినది. ఏదో ఒక పాత బాకుకు ఇచ్చిన యోగ్యతాపత్రం కాదది. అమ్మకపు ప్రకటనలు ఈ భేదాన్ని తరచు దాటవేస్తాయి.

2. నిర్మాణం - భాగాలు:

కెరిస్‌ను పరీక్షించాలంటే ముందు దాని అవయవాలు తెలియాలి. అలుగును 'విలహ్' అంటారు. పిడి వైపు అలుగు ఒక పక్కకు వెడల్పుగా సాగుతుంది. అందువల్ల కెరిస్ ఎప్పుడూ అసమరూపంగానే ఉంటుంది. ఆ వెడల్పు భాగం కింద అడ్డంగా అమర్చే ఇనుపముక్క 'గొంజొ'. దానిని పైనుంచి చూస్తే ఒక కొస బల్లి తలలా కనిపిస్తుంది. జావా పరిభాషలో ఆ కొసకు ఉన్న పేరుకు కూడా 'బల్లి తల' అనే అర్థం. గొంజొను దాటి పిడిలోకి దిగే సన్నని గుండ్రని కడ్డీ 'పెసి'. అలుగును దాచే ఒర 'వరంగ్‌క'.

అలుగు తిన్నగా ఉండవచ్చు, వంకీలతోనూ ఉండవచ్చు. వంకీని 'లుక్' అంటారు. సంప్రదాయంలో లుక్‌ల సంఖ్య ఎప్పుడూ బేసిగానే ఉంటుంది. వంకీలు లేనిది కెరిస్ కాదనే అపోహ పర్యాటకుల్లో ఎక్కువ. అందుకే జ్ఞాపికలు దాదాపు అన్నీ వంకీలతోనే తయారవుతాయి. వాస్తవానికి తిన్నని కెరిస్‌లు కూడా సంప్రదాయసమ్మతమే.

అలుగు మొదట్లో చెక్కే చిన్న చిన్న అలంకారాలకు ప్రత్యేక నామాలున్నాయి. ఏనుగు తొండంలా వంగిన కొక్కెం, దాని కింద పెదవిలాంటి చిన్న మొనలు, బొటనవేలు ఆనే పల్లం, నిలువు గాళ్లు, వెనుక అంచున రంపపు పళ్లలాంటి 'గ్రెనెంగ్' వాటిలో కొన్ని. గ్రెనెంగ్‌లో జావా లిపిలోని 'ధ' అక్షరాన్ని పోలిన వంపు ఉండాలి. దానిని 'రొన్ ధ' అంటారు. జావా లిపి, తెలుగు లిపి రెండూ బ్రాహ్మీ సంతతివే. ఇనుములో చెక్కిన ఒక వంపును అక్షరంగా చదివే ఈ సంప్రదాయంలో, అక్షరం తప్పితే కమ్మరి శిక్షణలో లోపమున్నట్టే. ఈ అవయవాల్లో ఏవి ఉండాలో, ఎన్ని లుక్‌లు ఉండాలో నిర్ణయించే రూపశాస్త్రమే 'ధపుర్'. యునెస్కో వివరణ ప్రకారం ధపుర్ భేదాలు సుమారు 40.

3. పమోర్ - లోహంలో పుట్టిన రూపం:

కెరిస్ అలుగు మీద నల్లని నేలపై వెండిరంగులో కనిపించే రేఖాకృతి 'పమోర్'. కలపడం అనే అర్థమున్న జావా ధాతువు నుంచి ఈ మాట పుట్టింది. ఇనుమును, నికెల్ ఉన్న లోహాన్ని కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి అతికి, మడిచి మళ్లీ కొట్టడం వల్ల పొరలు ఏర్పడతాయి. రెండు పక్కల ఈ పొరల దిమ్మెలు, నడుమ ఉక్కు పలక ఉంచి అతుకుతారు. అంచు పదునును ఈ ఉక్కు ఇస్తుంది. తర్వాత ఆకురాయితో అలుగును చెక్కుతారు.

తయారైన అలుగును నిమ్మరసంతోనూ, ఆర్సెనిక్ గల ఖనిజంతోనూ శుద్ధి చేస్తారు. ఈ ప్రక్రియను 'వరంగన్' అంటారు. దీనివల్ల ఇనుము నల్లబడుతుంది. నికెల్ ఉన్న పొర మెరుస్తూ నిలుస్తుంది. అంటే పమోర్ పైన వేసిన బొమ్మ కాదు. లోపల ఉన్న పొర బయటపడిన రూపం. చెక్కను ఏటవాలుగా కోస్తే దాని రేఖలు ఎలా మారతాయో, అలుగులో గాడి చెక్కిన చోట పమోర్ రేఖలు కూడా అలా మారతాయి.

తెలుగు పాఠకులకు తెలిసిన మరో లోహవిద్యతో పోలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. తెలంగాణలోని కోనసముద్రం వంటి చోట్ల మూసల్లో కరగబెట్టి చేసిన ఉక్కు 'వూట్జ్' పేరుతో లోకప్రసిద్ధమైంది. ఆ ఉక్కుతో చేసిన కత్తులపై కనిపించే నీటిచారలు ఒకే లోహంలోని కర్బన స్ఫటికాల వల్ల ఏర్పడినవి. పమోర్ అలాంటిది కాదు. వేర్వేరు లోహాలను కరగనివ్వకుండా అతకడం వల్ల పుట్టినది. ఈ రెండింటినీ కలిపి 'డమాస్కస్' అని పిలవడం విపణిలో సామాన్యం. ఆ పేరు దేని గురించీ ఖచ్చితంగా చెప్పదు.

ఉల్కాలోహం ప్రస్తావన కూడా ఇలాంటిదే. 18వ శతాబ్దంలో మధ్య జావాలోని ప్రంబానన్ ప్రాంతపు ఉల్క ఖండాలను సురకర్త రాజప్రాసాదానికి తరలించి, ఆస్థాన కెరిస్‌లలో వాడారన్నది నిజం. అయితే జావా కమ్మరులకు అంతకు చాలాముందు నుంచే సులవేసిలోని లువు ప్రాంతపు నికెల్ గల ఇనుము అందుబాటులో ఉంది. కెరిస్‌లలోని నికెల్‌లో అధికభాగం భూగర్భం నుంచి వచ్చినదేనని 1987లో బెన్నెట్ బ్రాన్సన్ తన పరిశోధనలో వాదించాడు. 20వ శతాబ్దంలో కర్మాగారాల్లో తయారైన నికెల్ కూడా వాడుకలోకి వచ్చింది. కాబట్టి అలుగు మీద మెరుపు కనిపించినంత మాత్రాన అది ఉల్కాలోహం అని చెప్పడానికి వీల్లేదు. రాసాయనిక పరీక్ష లేని ఆ మాటను ప్రచారంగానే భావించాలి.

4. జ్ఞాపిక లక్షణాలు - వాటి పరిమితులు:

పై నిర్మాణజ్ఞానం ఆధారంగా జ్ఞాపికను గుర్తించే సూచనలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, అలుగు మందం. జ్ఞాపిక ఒకే ఇనుపరేకు నుంచి కోసినది కనుక మొదలు నుంచి మొన దాకా ఒకే మందంతో చదునుగా ఉంటుంది. సంప్రదాయ కెరిస్ మొదట దళసరిగా ఉండి మొన వైపు క్రమంగా పలచబడుతుంది.

రెండోది, గొంజొ. జ్ఞాపికలో గొంజొ విడిగా ఉండదు. ఆ స్థానంలో ఒక గీత మాత్రం గీసి ఉంటుంది.

మూడోది, పెసి. జ్ఞాపికలో పెసికి బదులు చదునైన రేకు తోక గానీ, మర బిగించిన కడ్డీ గానీ ఉంటుంది. పిడిని జిగురుతో అతికిస్తారు. సంప్రదాయ కెరిస్‌లో పెసికి గుడ్డ చుట్టి పిడిని బిగిస్తారు. శుద్ధి సమయంలో దానిని విప్పదీయవలసి ఉంటుంది కనుక ఆ ఏర్పాటు.

నాలుగోది, పమోర్. జ్ఞాపికపై ఆమ్లంతో బొమ్మ తేలుస్తారు, లేదా రంగు పూస్తారు. అది గాడిలోకి దిగదు, అంచు దగ్గర ఆగిపోతుంది, రెండు వైపులా ఒకే అచ్చులా ఉంటుంది. నిజమైన అలుగు అంచును నిలువుగా పట్టి చూస్తే రెండు పొరల నడుమ ఉక్కు గీత కనిపిస్తుంది. వ్యాపారులు ఎంతో ఇష్టపడే 'ఉదన్ మస్', అంటే బంగారువాన అనే పమోర్‌లో వలయంలో వలయంగా చుక్కలుంటాయి. పొరల దిమ్మెలో గుంటలు పొడిచి, తర్వాత చదును చేస్తే ఆ వలయాలు ఏర్పడతాయి. ముద్రవేసిన వలయాల్లో పొరల తేడా ఉండదు.

అయిదోది, లుక్‌ల లెక్క. వంకీలు సరిసంఖ్యలో ఉంటే రూపశాస్త్రం తెలియని చేతిపని అని అనుమానించాలి.

అయితే ఈ సూచనల్లో ఏ ఒక్కటీ స్వయంగా నిర్ణాయకం కాదు. గొంజొను అలుగుతో కలిపి ఒకే ముక్కగా చేసే పద్ధతి సంప్రదాయంలోనూ ఉంది. దానికి 'గొంజొ ఇరస్' అని ప్రత్యేక నామం కూడా ఉంది. పమోర్ కనిపించని సాదా ఇనుప కెరిస్‌లూ ఉన్నాయి. జావాలో అలుగును గరుకుగా ఉంచితే, బాలిలో నునుపుగా మెరుగుపెడతారు. బాలి కెరిస్ జావా కెరిస్ కన్నా పెద్దది. జావా కొలతతో చూసేవారికి మంచి బాలి కెరిస్ కొత్త వస్తువులా తోచవచ్చు. పిడి, ఒర కొత్తవి కావడం కూడా దోషం కాదు. విగ్రహానికి వస్త్రం మార్చినట్టే అలుగుకు పిడిని, ఒరను మార్చడం అక్కడి ఆచారం. దీనికి విరుద్ధంగా పాత ఒరలో కొత్త రేకును దూర్చి అమ్మడమూ జరుగుతుంది. అందువల్ల ఒర వయస్సు నుంచి అలుగు వయస్సును ఊహించరాదు.

5. కాలనిర్ణయం - తంగుహ్:

నిర్మాణపరీక్షలో నెగ్గిన కెరిస్ ఏ కాలానిది, ఏ ప్రాంతానిది అనే ప్రశ్న తర్వాత వస్తుంది. జావా నిపుణులు ఇనుము రంగు, స్పర్శ, అలుగు వాలు, గొంజొ ఆకృతి, పమోర్ తీరు చూసి పజజరన్, మజపహిత్, మతరామ్ వంటి పేర్లతో వర్గీకరిస్తారు. ఇదే 'తంగుహ్'. ఇది ప్రధానంగా ఒక అంచనా. తేదీ ఉన్న కెరిస్‌లు అత్యరుదు కనుక, ఒక శైలికి మజపహిత్ అని పేరు ఉన్నంత మాత్రాన ఆ వస్తువు 14వ శతాబ్దంలోనే తయారైందని రుజువు కాదు. తెలుగు వ్రాతప్రతుల్లో లిపిరీతిని బట్టి కాలం ఊహించే పద్ధతికి ఉన్న బలమూ, బలహీనతా తంగుహ్‌కూ ఉన్నాయి. శైలిని తర్వాతివారు అనుకరించగలరు.

ఈ బలహీనతనే విపణి వాడుకుంటుంది. పిడి, అలుగు ఒకే ఇనుముతో కలిసి ఉండి, పిడి చోట మనిషి ఆకారం ఉండే చిన్న కెరిస్‌లను విదేశీ సేకర్తలు చిరకాలంగా 'మజపహిత్ కెరిస్' అని పిలుస్తూ వచ్చారు. జావాలో వాటి పేరు 'కెరిస్ సజెన్', అంటే నైవేద్యపు కెరిస్. గ్రామశుద్ధి వంటి క్రతువులలో సమర్పించే వస్తువుగా వాటిని పరిగణిస్తారు. పేరు తప్పుగా పడటంతో, అర్పణవస్తువు కాస్తా సామ్రాజ్యకాలపు ఆయుధంగా చలామణీ అవుతోంది.

కృత్రిమంగా పాతబరచడం మరో సమస్య. కొత్త అలుగును ఆమ్లంలో ముంచి, మట్టిలో పాతి తుప్పు పట్టిస్తారు. సహజమైన అరుగుదలకూ దీనికీ తేడా ఉంది. జావా పంచాంగంలో మొదటి నెల అయిన 'సురొ'లో కెరిస్‌లను శుద్ధిచేసే ఆచారం ఉంది. తరతరాలుగా జరిగిన ఈ శుద్ధి వల్ల అలుగు అంచులు, పలుచని మొనలు ముందుగా అరుగుతాయి. చేయి తగలని లోతైన గాళ్లలో చెక్కడపు స్ఫుటత్వం మిగులుతుంది. ఆమ్లం ఈ భేదం చూడదు. ఎత్తునూ పల్లాన్నీ ఒకేలా తింటుంది. అంతటా ఒకే లోతులో గుంటలు పడిన అలుగు వయస్సును సందేహించాలి. ఇలా పాతబరచిన అలుగులు కొన్ని నిజంగా కొలిమిలో అతికి చేసినవే కావడం గమనార్హం. అక్కడ అలుగు అసలైనదే, వయస్సే అబద్ధం.

6. అమ్మకపు భాష:

జావా సమాజంలో వారసత్వంగా వచ్చే పవిత్రవస్తువును 'పుసక' అంటారు. పుసకను కొన్నాను, అమ్మాను అనడం మర్యాద కాదు. దాని విలువను 'మస్ కవిన్' లేదా 'మహర్' అంటారు. తెలుగునాట ముస్లిం వివాహాల్లో వినిపించే 'మెహర్' కూడా ఈ అరబ్బీ మాటే. కెరిస్‌ను వధువుగా, తీసుకొనే వ్యక్తిని బాధ్యత వహించే భర్తగా భావించే ఉపమానం దీని వెనుక ఉంది. ధర చెల్లించడం కన్నా సంబంధం కలుపుకోవడం అందులోని ముఖ్యార్థం.

అంతర్జాల ప్రకటనల్లో ఈ మాట నిలిచింది గానీ అర్థం మారింది. 'మహర్' ఇప్పుడు ధరకు మర్యాదపూర్వకమైన పర్యాయపదం. అలాగే కెరిస్‌లను సంప్రదాయం ఆంతరిక శక్తి కోసం భద్రపరిచే 'తయుహన్' అని, ధారణకూ అందానికీ ఉద్దేశించిన 'అగెమన్' అని విభజిస్తుంది. తయుహన్ విలువ బయటి రూపంలో ఉండదని సంప్రదాయమే చెబుతుంది కనుక, అందచందాలు లేని, నాసిరకపు అలుగును తయుహన్ అని ప్రకటించడం సులభమైంది. నమ్మకం వస్తుపరీక్షకు అతీతం. కానీ నమ్మకాన్ని తేదీకి సాక్ష్యంగా చూపడం చరిత్రకు అన్యాయం.

శాపకథల వాడుక కూడా ఇలాంటిదే. సింహసారి రాజ్యస్థాపకుడు కెన్ అరోక్, పూర్తికాని కెరిస్‌తోనే దానిని చేస్తున్న ఎంపు గాంద్రింగ్‌ను చంపాడని, ఆ కమ్మరి శాపం రాజవంశాన్ని వెంటాడిందని 'పరరతోన్' అనే జావా వృత్తాంతగ్రంథం చెబుతుంది. సాహిత్యంలో ఆ కథ అధికారానికీ శ్రమకూ మధ్య ఘర్షణను చూపుతుంది. ప్రకటనలో అది వస్తువు ధర పెంచే ఉపకరణంగా మిగులుతుంది.

చట్టం కోణాన్నీ ఇక్కడ గమనించాలి. ఇండోనేషియా 2010లో చేసిన 11వ నంబరు సాంస్కృతిక వారసత్వ చట్టం 50 ఏళ్లు, అంతకు మించిన వయస్సును వారసత్వ వస్తువుకు ఒక ప్రమాణంగా పెట్టింది. ఆ హోదా గల వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించరాదు. వందల ఏళ్ల నాటిదని ప్రకటించి, ఏ పత్రమూ లేకుండా విదేశానికి పంపుతామనే అమ్మకందారు మాటలో అంతర్వైరుధ్యం ఉంది. వస్తువు నిజంగా అంత పాతదైతే దాని ఎగుమతి ప్రశ్నార్థకమవుతుంది. ఎగుమతికి అడ్డు లేకపోతే ప్రాచీనత ప్రశ్నార్థకమవుతుంది.

7. స్వామ్యపరంపర - దిపొనెగొరో కెరిస్:

వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో చెప్పే లిఖితసాక్ష్యాల వరుసే స్వామ్యపరంపర. దీని ప్రాధాన్యాన్ని ఇటీవలి ఒక ఉదంతం స్పష్టంగా చూపుతుంది.

1825-1830 జావా యుద్ధంలో డచ్చి పాలకులను ఎదిరించిన రాకుమారుడు దిపొనెగొరో 1830 మార్చి 28న మగెలాంగ్‌లో నిర్బంధానికి గురయ్యాడు. ఆయన కెరిస్ ఒకటి కర్నల్ క్లీరెన్స్ ద్వారా నెదర్లాండ్స్ రాజుకు చేరి, రాజవంశపు అపురూపవస్తువుల సేకరణలో భద్రమైంది. 1883లో ఆ సేకరణ విచ్ఛిన్నమైనప్పుడు లైడెన్‌లోని మ్యూజియానికి తరలింది. అయితే కాలక్రమంలో ఆ వస్తువుకూ దాని పేరుకూ మధ్య సంబంధం తెగిపోయింది. కెరిస్ మ్యూజియంలోనే ఉంది. ఏది దిపొనెగొరోదో మాత్రం ఎవరికీ తెలియలేదు.

దీర్ఘకాల పరిశోధన తర్వాత ఒక కెరిస్‌ను ఆయనదిగా గుర్తించారు. దిపొనెగొరో సేనాని సెంతొత్ ఇచ్చిన వాఙ్మూలం, దానిపై అప్పుడు నెదర్లాండ్స్‌లో ఉన్న జావా చిత్రకారుడు రాదెన్ సలేహ్ రాసిన వివరణ ఇందులో కీలక సాక్ష్యాలయ్యాయి. 2020 మార్చిలో నెదర్లాండ్స్ రాజు పర్యటన సందర్భంగా ఆ కెరిస్ ఇండోనేషియాకు తిరిగి చేరింది.

అంతటితో చర్చ ముగియలేదు. పత్రాల్లో ఆ కెరిస్ పేరు 'నాగ సిలుమన్', అంటే అదృశ్య నాగం. రూపశాస్త్రం ప్రకారం ఆ పేరుగల ధపుర్‌లో నాగం తల మాత్రమే కనిపించి, దేహం అలుగులో లీనమైపోవాలి. తిరిగివచ్చిన అలుగుపై నాగదేహం స్పష్టంగా కనిపిస్తుండటంతో అది 'నాగ సస్ర' రూపమని ఇండోనేషియాలో కొందరు అభ్యంతరం చెప్పారు. రూపాన్ని ఆధారం చేసుకున్నవారు ఒకవైపు, పత్రాలను ఆధారం చేసుకున్నవారు మరోవైపు నిలిచారు. కెరిస్ వ్యక్తినామం, ధపుర్ నామం వేర్వేరు కావచ్చన్న సమాధానమూ వచ్చింది.

ఈ చర్చ నుంచి గ్రహించవలసిన పాఠం స్పష్టం. రాజు చేతికి అందిన, మ్యూజియంలో భద్రపరచిన, లిఖితసాక్ష్యాలున్న ఒక కెరిస్ గుర్తింపునకే ఇంత విచారణ అవసరమైంది. అలాంటప్పుడు నాలుగు ఛాయాచిత్రాలు, ఒక కథ ఆధారంగా ఫలానా సుల్తాను బాకు అని నిర్ధారించడం అసాధ్యం.

8. కొత్తదీ అసలైనదే - సజీవ ఎంపులు:

ప్రాచీనత మీది మోజు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నవారు నేటి ఎంపులు. రాజాస్థానాల ఆదరణ తగ్గాక 20వ శతాబ్దంలో కెరిస్ నిర్మాణం క్షీణించింది. యోగ్యకర్త ప్రాంతపు ఎంపు జెనొ హరుంబ్రొజొ 1970లలో తన తండ్రి నుంచి వచ్చిన విద్యను తిరిగి కొలిమికెక్కించాడు. డైట్రిష్ డ్రెషర్ అనే జర్మన్ నావికుడి ప్రోత్సాహం అందుకు తోడ్పడింది. 2006లో మరణించేదాకా ఆయన ఆ వృత్తిలోనే ఉన్నాడు. సురకర్తలోని ప్రభుత్వ కళాసంస్థలో కెరిస్ విద్య పాఠ్యాంశమైంది. అదే నగరంలో 2017లో కెరిస్‌ల కోసం ప్రత్యేక మ్యూజియం ప్రారంభమైంది. మదుర దీవిలోని సుమెనెప్ ప్రాంతంలో ఉన్న అయెంగ్ తొంగ్ తొంగ్ గ్రామంలో ఇప్పటికీ పెద్దసంఖ్యలో ఎంపులు పనిచేస్తున్నారు.

ఇండోనేషియా స్వాతంత్ర్య ప్రకటన జరిగిన 1945 తర్వాత తయారైన కెరిస్‌లను 'కమర్దికన్' అంటారు. స్వాతంత్ర్యమనే అర్థమున్న 'మెర్దెక' నుంచి వచ్చిన ఈ మాటకు సంస్కృతంలోని 'మహర్ధిక' మూలం. కమర్దికన్ అనే వర్గం ఉండటమే ఒక ముఖ్యమైన విషయాన్ని చెబుతుంది. సంప్రదాయం కొత్త కెరిస్‌ను నకిలీగా చూడటం లేదు. దాని కాలాన్ని పేరులోనే ప్రకటిస్తోంది.

ఒక ఎంపు నెలల తరబడి శ్రమించి చేసిన అలుగు చేసినవాడి పేరుతో అమ్ముడైతే అది కమర్దికన్ కెరిస్. అదే అలుగును వ్యాపారి ఆమ్లంలో ముంచి మజపహిత్ కాలానిదని అమ్మితే అది నకిలీ. రెండుచోట్లా ఇనుము ఒక్కటే. రెండోచోట ఎంపు పేరు చెరిగిపోయింది. నకిలీ వల్ల మోసపోయేది కొనుగోలుదారు ఒక్కడే కాదు. ఆ పని చేసిన కమ్మరి కూడా తన కర్తృత్వాన్ని కోల్పోతాడు. జ్ఞాపిక విషయమూ అంతే. జ్ఞాపికగా అమ్మినంత కాలం అది నిజాయితీ గల వస్తువు. తనది కాని చరిత్రను తగిలించుకున్నప్పుడే అది అబద్ధమవుతుంది.

ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. కెరిస్ ప్రామాణ్యం ఒకే ప్రశ్న కాదు. సంప్రదాయ పద్ధతిలో తయారైందా, ఏ కాలదేశాలకు చెందింది, ఎవరి చేతులు మారింది అనే మూడు ప్రశ్నలకు వేర్వేరు ఆధారాలు కావాలి.

2. పిడి తీసిన పెసి, పైనుంచి చూసిన గొంజొ, నిలువుగా పట్టిన అంచు, గాళ్ల లోపలి పమోర్ కనిపించే స్పష్టమైన ఛాయాచిత్రాలుంటే మొదటి ప్రశ్నకు కొంతవరకు సమాధానం దొరుకుతుంది. అవి చూపని అమ్మకందారు మాటను నమ్మడం కష్టం.

3. రెండో ప్రశ్నకు ఛాయాచిత్రం చాలదు. వస్తువును చేతపట్టి చూసే నిపుణుడు కావాలి. అప్పుడు కూడా తంగుహ్ ఒక అంచనాయే.

4. మూడో ప్రశ్నకు ఇనుములో సమాధానం ఉండదు. అది లిఖితసాక్ష్యాల్లోనే దొరుకుతుంది.

5. పాతది, అసలైనది అనే మాటలు పర్యాయపదాలు కావు. కర్త పేరు తెలిసిన కొత్త కెరిస్, కల్పిత చరిత్ర గల 'ప్రాచీన' కెరిస్ కన్నా ప్రామాణికమైనది.

సుకుః ఆలయశిల్పంలో భీముడి చేతిలో ఉన్నది పాత అలుగు కాదు, అప్పుడే తయారవుతున్న కొత్త అలుగు. కెరిస్ సంప్రదాయం గౌరవించినది తుప్పును కాదు, కొలిమిని. ఆ కొలిమి ఆరకుండా ఉండాలంటే కొత్త కెరిస్‌ను కొత్తదిగానే, చేసినవారి పేరుతోనే గుర్తించే విచక్షణ పరిశోధకుల్లోనూ సేకర్తల్లోనూ పెరగాలి.